చరిత్ర పేరిట వినిపించే మాటను సరిచూసుకోవడం ఎలా?

సభల్లోనూ టీవీ చర్చల్లోనూ చరిత్రను సాక్ష్యంగా చూపి ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారు. అందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని తేల్చుకునే పద్ధతి ఏమిటని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఎవరిని నమ్మాలో చెప్పడం ఈ వ్యాసం పని కాదు. ఒక మాటను పట్టుకుని దాని ఆధారం దాకా వెళ్లి, అక్కడ ఏం దొరికిందో ఉన్నది ఉన్నట్టుగా చెప్పగలిగే క్రమాన్ని మాత్రమే ఇందులో వివరిస్తాను. చివరి రెండు భాగాలు ఉపాధ్యాయులకూ, ఇంట్లో పిల్లలున్నవారికీ ఎక్కువగా ఉపయోగపడతాయి.

ముందే ఒక సంగతి చెప్పాలి. వక్రీకరణ అనగానే చాలామందికి పచ్చి అబద్ధం గుర్తొస్తుంది. పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం సులువే; కష్టమల్లా నిజాలను ఏరి కట్టిన అబద్ధంతోనే. అందుకే "ఇది నిజమా, అబద్ధమా" అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. "ఇందులోంచి ఏం తీసేశారు, దేన్ని తెచ్చి దేనికి అతికించారు" అని అడగండి.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

మీరు విన్న మాటను విన్నది విన్నట్టుగా రాసుకోండి. సారాంశం రాసుకుంటే మీకు తెలియకుండానే దాన్ని కొంత మారుస్తారు; తర్వాత మీరు ఖండించేది వక్త అన్న మాటను కాక మీరు రాసుకున్న మాటను అవుతుంది. వీడియో అయితే ఏ నిమిషంలో, ఏ సెకనులో ఆ మాట వచ్చిందో నమోదు చేయండి. ముప్పై సెకన్ల ముక్క మాత్రమే చేతికి వచ్చిందంటే పూర్తి ప్రసంగం దొరికేదాకా రెండో అడుగు వేయవద్దు. వక్త ప్రత్యర్థి వాదనను ఖండించడానికి ముందుగా దాన్ని చదివి వినిపించి ఉండవచ్చు; ముక్కలో ఆ చదివిన భాగమే మిగిలి ఉండవచ్చు.

వెబ్ పేజీ అయితే దాని ప్రతిని ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రపరచండి. విమర్శ వచ్చిన తర్వాత శీర్షికను చడీచప్పుడు లేకుండా మార్చేయడం వార్తా సంస్థలకు కొత్త కాదు.

ఇక అన్నిటికన్నా అవసరమైన పని, చాలామంది వదిలేసే పని ఒకటుంది. ఈ మాట నిజమని తేలితే మీకు సంతోషం కలుగుతుందా, ఇబ్బందిగా ఉంటుందా అన్నది ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి. సంతోషం కలిగించే మాటను మనం ఒక్క ఆధారంతో ఒప్పేసుకుంటాం, ఇబ్బంది పెట్టే మాటకు పది ఆధారాలు అడుగుతాం. ఆ వాక్యం కళ్లెదుట ఉంటే రెండింటికీ ఒకే కొలత వాడవలసి వస్తుంది.

సరిచూసుకోండి:
- మాట యథాతథంగా నమోదైందా?
- ఎవరు, ఎక్కడ, ఏ తేదీన, ఏ సందర్భంలో అన్నారు?
- పూర్తి ప్రసంగం లేదా పూర్తి వ్యాసం చేతిలో ఉందా?
- పేజీ ప్రతిని భద్రపరిచారా?
- మీ మొగ్గు ఎటువైపో రాసుకున్నారా?

2. మాటను మూడు పోగులుగా విడదీయండి

రాజకీయ ప్రసంగంలో చరిత్ర ఒంటరిగా రాదు. అందులో మూడు పోగులు కలిసి ఉంటాయి. మొదటిది సంఘటన: ఫలానా ఏడాది ఫలానాది జరిగింది. రెండోది కారణం: దానివల్లే ఇది జరిగింది. మూడోది డిమాండు: కాబట్టి ఈ రోజు మనం ఇలా చేయాలి, ఫలానా వారిని నమ్మకూడదు. సంఘటనను పత్రాలతో పరీక్షించవచ్చు. కారణాన్ని వాదనతో పరీక్షించాలి. డిమాండును చరిత్ర ఏ విధంగానూ రుజువు చేయలేదు. అది నేటి రాజకీయం.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో వ్యాపించిన వెన్నుపోటు కథను ఈ విధంగా విడదీసి చూడండి. "మన సైన్యం యుద్ధరంగంలో ఓడిపోలేదు, దేశం లోపలి రాజకీయ నాయకులే వెన్నుపోటు పొడిచారు" అన్నది ఆ కథ. 1918 నవంబరు 11న కాల్పుల విరమణ జరిగేనాటికి జర్మన్ సైనికులు ఇంకా పరాయి నేల మీదే ఉన్నారు, ఇది నిజం. విరమణ ఒప్పందంపై సంతకం చేసిన బృందానికి నాయకుడు సైనికాధికారి కాడు, రాజకీయ నాయకుడు, ఇదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపిన ముడి మాత్రం అబద్ధం. యుద్ధ విరమణను వెంటనే కోరాలని 1918 సెప్టెంబరు 29న పట్టుబట్టింది సైన్యాన్ని నడిపిస్తున్న లూడెన్‌డార్ఫే. అయినా 1919 నవంబరు 18న పార్లమెంటరీ విచారణ సంఘం ముందు లూడెన్‌డార్ఫ్ పైఅధికారి హిండెన్‌బర్గ్ ఆ వెన్నుపోటు మాటనే పలికాడు. పత్రికలు దాన్ని ఇంటింటికీ చేర్చాయి. తర్వాత ఆ కథను నాజీలు ఎలా వాడుకున్నారో తెలిసిందే.

సాధారణంగా జరిగే తప్పు: మొదటి పోగు నిజమని తేలగానే "సరిచూశాను, నిజమే" అని ప్రకటించేయడం.

దిద్దుబాటు: మూడు పోగులనూ వేర్వేరు వరుసల్లో రాసి, ఒక్కోదాని ఎదుట వేర్వేరుగా ఫలితం నమోదు చేయండి. మొదటి వరుస నిజమై, రెండోది ఆధారం లేనిదై, మూడోది పరీక్షకు అందనిదై ఉండడం మీకు చాలాసార్లు ఎదురవుతుంది.

3. ఆ మాట మొదట ఎప్పుడు, ఎక్కడ అచ్చయిందో వెతకండి

చనిపోయిన ప్రముఖుడు అన్నాడని ఎవరైనా ఒక మాట చెప్పినప్పుడు అది అతని జీవితకాలంలో ఎక్కడైనా అచ్చయిందా, చేతిరాతలోనైనా ఉందా అన్నది ముందు చూడాలి. అతను చనిపోయిన వందేళ్లకు హఠాత్తుగా పుట్టుకొచ్చిన మాటను అనుమానించవలసిందే.

మన దేశంలో ఎక్కువగా తిరిగే ఉదాహరణ బ్రిటిష్ పాలనలోని అధికారి మెకాలే మాట. 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంటులో మాట్లాడుతూ, భారతదేశం నలుమూలలా తిరిగానని, ఒక్క బిచ్చగాడు గానీ ఒక్క దొంగ గానీ కనిపించలేదని, ఈ దేశపు వెన్నెముక అయిన సంస్కృతిని విరిస్తే తప్ప దీన్ని జయించలేమని మెకాలే అన్నాడంటూ ఒక పేరా కనిపిస్తుంది. వేర్వేరు పార్టీల నాయకులు దీన్ని వేదికల మీద వాడారు. దీన్ని సరిచూసే వరుస ఇలా ఉండాలి.

మొదట, ఆ రోజు ఆ మనిషి ఎక్కడ ఉన్నాడు? మెకాలే 1834లో భారతదేశానికి వచ్చాడు, 1838లో తిరిగి వెళ్లాడు. 1835 ఫిబ్రవరిలో అతను గవర్నర్ జనరల్ మండలి సభ్యుడిగా కలకత్తాలో ఉన్నాడు. లండన్ పార్లమెంటులో ప్రసంగించే అవకాశమే లేదు. మాట ఈ ఒక్క ప్రశ్నతోనే సగం కూలిపోతుంది.

తర్వాత, ఆ తేదీన అతను నిజంగా ఏం చేశాడు? విద్యపై తన ప్రసిద్ధమైన మినిట్ (అధికారిక అభిప్రాయ పత్రం) మీద అతను పెట్టిన తేదీ అదే. కల్పించినవారు తేదీని నిజమైన పత్రం నుంచే తీసుకున్నారన్నమాట. పైపైన వెతికినవారికి తేదీ, పేరు కుదిరినట్టు కనిపిస్తాయి. అక్కడే వారు మోసపోతారు.

ఆ తర్వాత, ఆ పత్రంలో ఏముంది? బిచ్చగాడు లేడన్న వాక్యం అందులో లేదు. దానికి పూర్తిగా భిన్నంగా, మంచి యూరోపియన్ గ్రంథాలయంలోని పుస్తకాల అర ఒక్కటే భారతదేశ, అరేబియా సాహిత్యాలన్నిటికీ సాటివస్తుందన్న అహంకారపు మాట ఉంది. రక్తంలో, రంగులో భారతీయులై, అభిరుచిలో, ఆలోచనలో ఆంగ్లేయులైన ఒక వర్గాన్ని తయారుచేయాలన్న మాట కూడా ఉంది.

చివరగా, "లార్డ్ మెకాలే" అన్న పిలుపు. అతనికి ఆ బిరుదు వచ్చింది 1857లో. తర్వాతి కాలంలో రాసినవారు అలా పిలవడంలో తప్పు లేదు గానీ, 1835 నాటి రికార్డు అని చూపించే ప్రతిలో ఆ పేరు ఉంటే దాన్ని ఇంకోసారి పరీక్షించాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ పేరా కల్పితమని చెప్పినంత మాత్రాన మెకాలే విధానాన్ని సమర్థించినట్టు కాదు. నిజానికి అతన్ని విమర్శించదలచినవారికి అతని అసలు మినిట్‌లోనే కావలసినంత సామగ్రి ఉంది. ఉన్న ఆయుధాన్ని వదిలేసి లేనిదాన్ని చేతపట్టడం వల్ల విమర్శకుడే తేలిపోతాడు.

ఎక్కడ వెతకాలి:
- బ్రిటిష్ పార్లమెంటు ప్రసంగమంటే 1803 నుంచి ఉన్న పార్లమెంటు చర్చల రికార్డు హాన్సర్డ్‌లో.
- మన రాజ్యాంగ పరిషత్తులో అన్న మాటంటే 1946 డిసెంబరు 9న మొదలైన చర్చల సంపుటాల్లో. అవి వాక్యం వాక్యంగా అందుబాటులో ఉన్నాయి.
- గాంధీ మాటంటే ఆయన రచనల 100 సంపుటాల్లో.
- పాత పత్రిక రాసిందంటే ఆ సంచిక బొమ్మలోనే. ఎవరో తిరిగి టైపు చేసిన పేరాలో కాదు.

ఫలితాన్ని రాసేటప్పుడు "అతను ఎప్పుడూ ఇలా అనలేదు" అని రాయకండి. మనిషి జీవితంలో అన్న మాటలన్నీ ఎవరూ నమోదు చేయరు. "ఈ రికార్డులో వెతికాను, ఇందులో లేదు, చెబుతున్న తేదీన అతను ఆ చోట లేడు" అని రాయండి. అలా రాస్తే మీ మాటను ఎవరూ కదిలించలేరు.

4. అసలు పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా చదవండి

ఒక్క మాటైనా కల్పించకుండా, కోతతోనే చరిత్రను మలుపు తిప్పవచ్చని చూపడానికి ఎమ్స్ తంతికి (టెలిగ్రాంకు) మించిన ఉదాహరణ లేదు. 1870 జులై 13న ఎమ్స్ పట్టణంలో ఫ్రెంచి రాయబారి బెనెడెట్టి జర్మన్ రాజ్యమైన ప్రష్యా రాజును కలిసి, స్పెయిన్ సింహాసనానికి రాజు వంశీకులెవరూ ఇక మీదట పోటీపడకుండా హామీ ఇమ్మని అడిగాడు. రాజు ఒప్పుకోలేదు. ఈ సంగతి ప్రష్యా ప్రధాని బిస్మార్క్‌కు తంతిగా చేరింది. ఆ సింహాసనానికి పోటీలో ఉన్న యువరాజు తప్పుకున్న వార్త ధ్రువపడింది కాబట్టి రాయబారితో ఇక మాట్లాడవలసింది లేదని రాజు కబురు చేసినట్టు అందులో ఉంది. బిస్మార్క్ దాన్ని బాగా కుదించి పత్రికలకు ఇచ్చాడు. కుదింపులో ఆ కారణం ఎగిరిపోయింది. రాజు రాయబారిని మళ్లీ చూడనని ముఖం మీదే తలుపు వేసినట్టు మిగిలింది. ఫ్రాన్స్ జులై 19న యుద్ధం ప్రకటించింది. ఈ పనిని బిస్మార్క్ తర్వాత తన స్మృతుల్లో దాపరికం లేకుండా వర్ణించుకున్నాడు.

కాబట్టి ఉటంకింపులో మూడు చుక్కలు కనిపిస్తే ఆగండి. ఆ చుక్కల స్థానంలో ఏముందో చూడకుండా ముందుకు వెళ్లకండి. ఉటంకించిన వాక్యానికి ముందు పేరా, తర్వాతి పేరా తప్పనిసరిగా చదవండి. "కానీ", "అయితే", "కొందరు అంటారు" వంటి మాటలు ఎక్కువగా అక్కడే పోతాయి.

పత్రం మరో భాషలో ఉంటే అనువాదాన్ని కూడా పరీక్షకు పెట్టాలి. 1889లో ఇటలీ, ఇథియోపియా కుదుర్చుకున్న వుచాలే ఒప్పందం 17వ అధికరణం ఇథియోపియా భాష అయిన అమ్హారిక్ ప్రతిలో ఒక రకంగా, ఇటాలియన్ ప్రతిలో మరో రకంగా ఉంది. ఇతర దేశాలతో వ్యవహారాలకు ఇథియోపియా చక్రవర్తి ఇటలీ సహాయం తీసుకోవచ్చునని మొదటిది అంటే, ఇటలీ ద్వారానే జరపాలన్న అర్థం రెండోదానిలో వచ్చింది. ఆ తేడా 1896లో అడువా యుద్ధం దాకా వెళ్లింది. ఒప్పందంలో ఇలా ఉందని ఎవరైనా అంటే ఏ ప్రతిలో అని తిరిగి అడగడం అందుకే అవసరం. మూల భాష మీకు రాకపోతే వేర్వేరు వ్యక్తులు చేసిన రెండు అనువాదాలను పక్కపక్కన పెట్టుకోండి. తేడా వచ్చిన చోటు గురించి ఆ భాష తెలిసినవారిని అడగండి. యంత్రానువాదం దారి చూపడానికి పనికొస్తుంది గానీ తీర్పుకు పనికిరాదు.

5. తేదీలను, పదాలను ఆ కాలానికి సరిపోల్చండి

తేదీల్లో తప్పు కుట్రతో వచ్చిందా, పంచాంగం తేడాతో వచ్చిందా అన్నది ముందు తేల్చాలి. రష్యాలో అక్టోబరు విప్లవం పాత లెక్కలో 1917 అక్టోబరు 25న, కొత్త లెక్కలో నవంబరు 7న జరిగింది; రెండూ సరైనవే. బ్రిటన్ 1752లో పంచాంగం మార్చుకుంది. అంతకుముందు ఇంగ్లండులో కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, 1649 జనవరి 30న జరిగిన రాజు మొదటి చార్లెస్ మరణశిక్ష ఆనాటి కాగితాల్లో 1648గా కనిపిస్తుంది. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది, అయితే ఏడాది చివరి నెలలకు 79 కలపవలసి ఉంటుంది. హిజరీ ఏడాది దాదాపు 354 రోజులే గనుక ఒక అంకె కూడి తేల్చేయడం కుదరదు, పట్టిక చూడాల్సిందే.

తేదీ సరిపోయాక వయసు లెక్క వేయండి. రొట్టె లేకపోతే ప్రజలను కేకు తినమన్నదని ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ మీద వేసిన నింద ఈ లెక్కకు నిలవదు. ఒక గొప్ప రాజకుమారి అలా అన్నదన్న కథ తత్వవేత్త రూసో ఆత్మకథలో ఉంది. అతను ఆ భాగం రాసింది 1765 ప్రాంతంలో. మేరీ ఆంటోనెట్ 1755లో పుట్టింది, ఫ్రాన్సుకు వచ్చింది 1770లో. రూసో ఆమె పేరు ఎక్కడా చెప్పలేదు.

పదాల విషయంలో ఇంకొంచెం నిదానం కావాలి. పాత రాజును నేటి పార్టీ, నేటి రాష్ట్రం, నేటి జాతీయత పేరుతో పిలవడం ప్రసంగాల్లో సర్వసాధారణం. ఇద్దరు రాజుల మధ్య పన్నుల కోసమో కోట కోసమో జరిగిన యుద్ధాన్ని రెండు మతాల యుద్ధంగానో రెండు భాషల యుద్ధంగానో చెప్పారనుకోండి. రెండు వైపులా సేనల్లో ఎవరెవరు పోరాడారు, ఆనాటి శాసనాలూ లేఖలూ శత్రువును ఏ పేరుతో పిలిచాయి అన్నవి చూడండి. అలా చూసినప్పుడు మతానికి ఏ పాత్రా లేదని ప్రతిసారీ తేలుతుందని ముందే అనుకోవడం కూడా వక్రీకరణే. మతం పేరుతో ఆలయమో మసీదో చర్చో కూలిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి. ఉన్నచోట ఉన్నాయనే రాయాలి.

6. అంకెల దగ్గర ఆగండి

మృతుల సంఖ్య చెప్పినప్పుడు దాన్ని ఎవరు లెక్కించారు, ఎలా లెక్కించారు, ఎంత కాలానికి లెక్కించారు అన్న మూడు ప్రశ్నలు వేయండి. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో 1650 రౌండ్లు పేలాయి. మృతులు 379 అని ప్రభుత్వం నియమించిన హంటర్ సంఘం నివేదికలో ఉంది. కాంగ్రెస్ విచారణ దాదాపు 1000 అంది. ఏదో ఒక అంకె పట్టుకుని రెండోవారిని అబద్ధాలకోరులనడం తొందరపాటు. అధికారులు గుర్తించగలిగిన మృతుల లెక్క ఎప్పుడూ కనీస సంఖ్యకు దగ్గరగా ఉంటుంది. జాతీయవాదుల అంచనా ప్రత్యక్ష సాక్షుల మాటలపై ఆధారపడింది. మీరు రాసేటప్పుడు రెండింటినీ, ఎవరి లెక్క ఏదో పేరు పెట్టి చెప్పండి.

1943 బెంగాల్ కరవు విషయమూ ఇంతే. 1945లో కరవు విచారణ సంఘం దాదాపు 15 లక్షల మంది చనిపోయారంది. తర్వాతి పరిశోధకులు ఎక్కువగా 30 లక్షల ప్రాంతాన్ని సూచించారు. మరణాల నమోదు సరిగా లేకపోవడం, ఆకలి తగ్గాక కూడా మలేరియా వంటి జబ్బులతో పోయినవారిని లెక్కలో కలపాలా వద్దా అన్నది ఈ తేడాకు ప్రధాన కారణాలు. అంకెకు పక్కన కాలం, పద్ధతి లేకపోతే ఆ అంకెను వాడకండి.

గుండ్రటి అంకెలను, "లక్షలాది" వంటి మాటలను ఒకసారి పక్కన పెట్టి చూడండి. ఆ మాట తీసేశాక వాక్యంలో సమాచారం ఏమైనా మిగిలిందా?

7. ఫొటోలు, వీడియోలు

గూగుల్ లెన్స్‌లోనో టిన్‌ఐలోనో బొమ్మను పెట్టి పాత ప్రతులు వెతకండి. కొత్త ప్రతిలో లేనివి పాతదానిలో కనిపించవచ్చు. మాస్కో వోల్గా కాలువ గట్టు మీద స్టాలిన్ పక్కన నడుస్తున్న సోవియట్ రహస్య పోలీసు అధిపతి యెజోవ్, 1940లో మరణశిక్షకు గురైన తర్వాత, ఆ ఫొటోలోంచి కూడా మాయమయ్యాడు; అతను ఉన్నచోట నీళ్లు మిగిలాయి.

ఇప్పుడు పాత ఫొటోలాగా కనిపించేదాన్ని కృత్రిమ మేధతో నిమిషంలో తయారుచేయవచ్చు. అందుకని పాత రూపును ఆధారంగా తీసుకోకండి. ఏ భాండాగారంలో (ఆర్కైవ్‌లో), ఏ సంఖ్యతో ఉందో అడగండి. చాట్‌బాట్ చెప్పిన జవాబుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది: అది చెప్పే పుస్తకం, పేజీ సంఖ్య నిజంగా ఉన్నాయో లేదో పుస్తకం తెరిచే చూడాలి.

8. పత్రం అసలుదేనా?

"ఇన్నాళ్లూ దాచిన రహస్య పత్రం బయటపడింది" అన్న శీర్షిక కింద వచ్చే కథల్లో చాలావాటికి ఆధారం ఏళ్ల క్రితమే అచ్చయిన పత్రం. దాన్ని ముందుగా చూడండి. నిజంగా కొత్తదే అయితే అది ఇన్నాళ్లూ ఎవరి దగ్గర ఉంది, చేతులు ఎలా మారింది అని అడగండి.

1983 ఏప్రిల్‌లో స్టెర్న్ అనే జర్మన్ పత్రిక హిట్లర్ డైరీలు దొరికాయని ప్రకటించింది. పేరున్న చరిత్రకారుడు ట్రెవర్ రోపర్ వాటిని మొదట అసలువేనన్నాడు, తర్వాత వెనక్కి తగ్గాడు. మే నెల తొలి వారంలోనే పశ్చిమ జర్మనీ జాతీయ భాండాగారం పరీక్షించి అవి నకిలీవని తేల్చింది. కాగితంలోనూ అట్టలోనూ యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన పదార్థాలు ఉన్నాయి. అంతకుముందు చేతిరాత నిపుణులు సరేనన్నారు కదా? వారికి పోల్చడానికి ఇచ్చిన నమూనాల్లో కొన్ని అదే ఫోర్జరీకారుడి చేతివే. రెండు సాక్ష్యాలు కలిశాయని సంతోషించే ముందు అవి రెండూ ఒకే చోటి నుంచి రాలేదని నిర్ధారించుకోవాలన్న నియమం మరవకండి. పది వార్తా సంస్థలు ఒకే ఏజెన్సీ వార్తను వేస్తే అది ఒక్క సాక్ష్యమే.

కాగితాన్ని పరీక్షించే ప్రయోగశాల మనకు అందుబాటులో ఉండదు. భాషను మాత్రం పరీక్షించవచ్చు. పశ్చిమ సామ్రాజ్యంపై అధికారాన్ని కాన్‌స్టంటైన్ చక్రవర్తి పోపుకు రాసిచ్చాడన్న దానపత్రాన్ని 1440లో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా ఆ విధంగానే కూల్చాడు: నాలుగో శతాబ్దపు రోములో వాడని పదాలు అందులో ఉన్నాయి.

9. చరిత్రకారుల పుస్తకాలను ఎలా వాడాలి

ప్రతి మాటకూ మూలపత్రం దాకా వెళ్లడం ఎవరికీ సాధ్యం కాదు. పరిశోధకుల మీద ఆధారపడక తప్పదు. అయితే పాదసూచికలున్నవారి మీద ఆధారపడండి, వాటిలో రెండు మూడింటిని తెరిచి చూడండి. నాజీలు యూదులపై సాగించిన సామూహిక హత్యాకాండ హోలోకాస్ట్‌ను నిరాకరించిన డేవిడ్ ఇర్వింగ్ తనను అలా పిలిచినందుకు చరిత్రకారిణి డెబొరా లిప్‌స్టాట్ మీద వేసిన పరువునష్టం దావాలో జరిగింది ఇదే. చరిత్రకారుడు రిచర్డ్ ఎవాన్స్ తన సహాయకులతో కలిసి ఇర్వింగ్ పాదసూచికలను ఒక్కొక్కటిగా మూలాల దాకా వెంబడించాడు. మూలంలో ఉన్నదానికీ పుస్తకంలో ఉన్నదానికీ పొంతన లేని చోట్లు వరుసగా బయటపడ్డాయి. 2000 ఏప్రిల్‌లో లండన్ న్యాయస్థానం ఇర్వింగ్ ఆధారాలను ఉద్దేశపూర్వకంగా వక్రీకరించాడని తీర్పునిచ్చింది. పొరపాట్లన్నీ ఒకే దిక్కుకు వంగి ఉంటే వాటిని పొరపాట్లు అనలేం. మీరు కూడా తప్పుల దిశను గమనించండి.

వెబ్‌సైటు నమ్మదగినదా అన్న విషయంలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో వెల్లడించిన ఒక పరిశీలన ఉపయోగపడుతుంది. 10 మంది చరిత్ర పరిశోధకులు, 10 మంది వృత్తిరీత్యా నిజనిర్ధారణ చేసేవారు, 25 మంది విద్యార్థులు ఒకే రకమైన పేజీలను పరీక్షించారు. నిజనిర్ధారకులు మిగతావారికన్నా త్వరగా, సరిగా తేల్చారు. వారు పేజీలో కూరుకుపోకుండా వెంటనే బయటికి వచ్చి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. పెద్ద చదువు చదివిన చరిత్రకారులు సైతం చాలామంది పేజీ సొగసుకు లోబడ్డారన్నది నన్ను కొంత ఊరడించిన విషయం.

పరిశోధకులు తమలో తాము విభేదిస్తారు. విభేదం దేని మీద అన్నది చూడండి. సంఘటన జరిగిందన్న దాని మీద ఏకాభిప్రాయం ఉండి, కారణాల మీద వాదన నడుస్తుంటే "చరిత్రకారులే ఒప్పుకోవడం లేదు" అన్న మాటకు అర్థం వేరు. టీవీ చర్చలో ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టినంతలో రెండు పక్కలకూ సమానమైన ఆధారం ఉన్నట్టు కాదు.

10. ఫలితాన్ని ఎలా రాయాలి

నిజం, అబద్ధం అన్న రెండే గడులు చాలవు. నేను ఈ ఐదు వాడతాను:

- ఆధారం ఉంది, సందర్భమూ సరైనదే.
- ఆధారం ఉంది, కానీ కోత పడింది లేదా ముడి తప్పు.
- అంచనాలు వేర్వేరుగా ఉన్నాయి. ఎవరివి ఏవో చెప్పాలి.
- ఫలానా చోట్ల వెతికితే దొరకలేదు.
- ఆధారం దీనికి వ్యతిరేకంగా ఉంది.

నాలుగోదాన్నీ ఐదోదాన్నీ కలిపేయడం అలవాటైన తప్పు. దొరకకపోవడానికి మీరు వెతికిన చోటు చాలకపోవడం కూడా కారణం కావచ్చు.

11. తరగతి గదిలో రెండు పీరియడ్ల పాఠం

పిల్లలకు వక్రీకరణ మీద ఉపన్యాసం ఇవ్వకండి. వారి చేతికి కాగితాలు ఇవ్వండి.

మొదటి పీరియడ్‌లో ఎమ్స్ తంతి రెండు రూపాలనూ తెలుగులో ఇచ్చి, ఎవరు రాశారో, ఏది ముందో చెప్పకండి. రెండోదానిలో లేని మాటల కింద గీత గీయమనండి. తర్వాత ఒక్కటే ప్రశ్న: రెండోది మాత్రమే చదివిన ఫ్రెంచి మనిషికి ఏమనిపిస్తుంది? తేదీలు, పేర్లు చివరి పది నిమిషాల్లో చెప్పండి. ముందే చెబితే పిల్లలు కాగితం చదవడం మానేసి మీ ముఖంలో జవాబు వెతుకుతారు.

రెండో పీరియడ్‌లో జలియన్‌వాలా బాగ్ మీద రెండు నివేదికల భాగాలు ఇచ్చి, ఈ పట్టిక నింపమనండి:

- ఎవరు రాశారు, ఎవరి కోసం?
- ఘటన జరిగిన ఎన్ని రోజులకు?
- ఎవరిని ప్రశ్నించారు, ఎవరిని ప్రశ్నించలేదు?
- రెండూ ఒప్పుకున్న విషయాలు ఏవి?

చివరి ప్రశ్నకు ఎక్కువ సమయం ఇవ్వండి. శత్రువులైన ఇద్దరు సాక్షులు ఒప్పుకున్న విషయం అన్నిటికన్నా గట్టిదని పిల్లలు తామే కనిపెడతారు.

ఇక్కడ రెండు పొరపాట్లు ఎదురవుతాయి. ఏ ఆధారమూ పక్షపాతం లేనిది కాదు కాబట్టి అన్నీ సమానమేనన్న నిర్ణయానికి పిల్లలు వచ్చేయడం మొదటిది. వెంటనే పట్టికలోని చివరి వరుసకు వారిని తిరిగి తీసుకురండి. ఉపాధ్యాయుడు తన రాజకీయాన్ని పాఠంలో కలపడం రెండోది. ఈ పాఠంలో మీకు నచ్చిన పక్షం చేసిన వక్రీకరణ ఒక్కటైనా ఉండేలా ఉదాహరణలు ఎంచుకోండి. సరిహద్దుకు రెండు వైపులా ఒకే పాఠ్యపుస్తకం ఉండడం అసాధ్యం కాదని చూపడానికి ఫ్రాన్స్, జర్మనీ చరిత్రకారులు కలిసి రాసి 2006లో తొలి సంపుటం తెచ్చిన పుస్తకాన్ని ప్రస్తావించవచ్చు. ఆ రెండు దేశాలు 1870 నుంచి 1945 దాకా మూడుసార్లు యుద్ధం చేసుకున్నాయి.

12. ఎదుటివారికి చెప్పేటప్పుడు

బంధువుల గ్రూపులో పెద్దవారు పంపిన ఫార్వర్డ్‌ను అందరి ఎదుటా ఖండిస్తే వారు వాదనకు దిగుతారు తప్ప పత్రం చూడరు. విడిగా రాయండి. అబద్ధాన్ని మళ్లీ శీర్షికగా పెట్టకుండా, దొరికిన నిజంతో మొదలుపెట్టండి: "బాబాయ్, ఆ తేదీన మెకాలే కలకత్తాలో ఉన్నాడు, ఆ రోజు రాసిన కాగితం ఇదిగో" అన్నది చాలు. ఆ తర్వాత తప్పు ఎక్కడ వచ్చిందో ఒక వాక్యం, అసలు పత్రంలో ఏముందో ఒక వాక్యం.

మీరే తప్పు చేసినప్పుడు పోస్టును తుడిచేయకండి. తుడిచేస్తే దాన్ని ఇప్పటికే పంచుకున్నవారికి దిద్దుబాటు చేరదు. అదే చోట, పాత మాట కనిపిస్తూ ఉండగా, దాని పైన సరైన మాటను తేదీతో సహా చేర్చండి; మీ నోటుపుస్తకంలో ఆ మాట ఎదుట ఏ అడుగు దగ్గర జారారో కూడా రాసుకోండి. నా పుస్తకంలో అలాంటి గుర్తులు ఎక్కువగా ఒకటో అడుగు దగ్గరే ఉన్నాయి, సంతోషం కలిగించిన మాటల ఎదుట.